కాకినాడలో ఒక్క ఇల్లూ తడవలేదు

భాద్రపద శుద్ధ అష్టమి

పడవ దిగగానే కాళ్లు కడుక్కోవడానికి మంచినీళ్లిచ్చారు. తాగడానికి కాదు, కాళ్లకి! మా బందరులో మబ్బువలలకి చిక్కిన నీళ్లని గ్లాసుల లెక్కన పంచుకుంటాం. ఇక్కడేమో ఊరిని కొలవడానికి వచ్చిన పరాయి ఊరి మనిషి కాళ్ల మీద చెంబెడు గుమ్మరించేశారు. నేను వద్దు వద్దంటున్నా పోసినావిడ పేరు వరహాలమ్మ. అరవై దాటిన మనిషి, ఈ వీధికి పెద్ద.

"ఉప్పు కాళ్లతో లోపలికెలా వస్తారండి అమ్మాయిగారూ! ఇటివ్వండి ఆ రెండో కాలు" అంది.

నాకు నలభై ఏడేళ్లు. అమ్మాయిగారు అనిపించుకుని చాలా కాలమైంది. అందుకని రెండో కాలూ ఇచ్చాను.

నేను బందరు తరఫున కాకినాడను కొలవడానికి వచ్చాను. కాకినాడ తరఫున మా బందరును కొలవడానికి వరహాలమ్మ తమ్ముడు తాతారావు వెళ్లాడు. మా పడవలు దారిలో ఎదురుపడితే ఒకరికొకరం దండం పెట్టుకున్నాం, కుస్తీకి ముందు పెట్టుకున్నట్టు. ఈ ఏడాదికి గోడవిత్తు ఒక్కటే ఉంది. మళ్లీ ఎప్పుడొస్తుందో తీరసంఘం వాళ్లు చెప్పడం లేదు. దాన్ని సముద్రంలో నాటి తవుడూ సున్నమూ మేత వేస్తే, గుల్లలు ఒకదాని మీదొకటి ఎక్కి ఏడాది తిరిగేసరికి ఊరి ముందు గోడైపోతుంది. విశాఖకి ఎక్కడానికి కొండలున్నాయి కాబట్టి దాని వంతు వెనక్కి జరిపారు. కృష్ణపట్నానికి నిరుడే వేశారు. మిగిలినవి మా రెండూళ్లు. ఎవరి ఇళ్లలో నీళ్లు ఎక్కువ నిలిస్తే వాళ్లకి గోడ.

యంత్రాలతో కొలిచిన రోజుల్లో ప్రతి ఊరూ వాటి మీద బిందెలతో నీళ్లు పోసి దొంగ లెక్కలు చూపించేది. అందుకని ఇప్పుడు మనిషి కన్ను, మనిషి కాలు. చీలమండ, పిక్క, మోకాలు, తొడ, నడుము: ఇదే కొలత. మా ఊళ్లో నాకంటే పొడుగు మనిషి లేదు, అందుకే నన్ను ఏరి పంపారు. మామూలు మనిషికి తొడ దాకా వచ్చే నీళ్లు నాకు మోకాలి దగ్గరే ఆగుతాయి. కాకినాడ వాళ్లేం తక్కువ తిన్నారా? తాతారావు ప్రతి గుమ్మం దగ్గరా వంగి దూరే మనిషి.

నాకు బస పాత సినిమా హాలు బాల్కనీలో. పోటు వచ్చినప్పుడు కొలిచే మనిషి కిందికి దిగకూడదు. నీళ్లు వెనక్కి తీశాక గంట కొడతారు, అప్పుడు దిగి ఇళ్లు చూడాలి. ఇవాళ అష్టమి కాబట్టి సముద్రం బద్ధకంగా ఉంది. చూడాల్సిందేమీ లేదు. వరహాలమ్మ రెండు పూటలా క్యారేజీ పంపింది. తినలేక ఆయాసపడ్డాను.

దశమి

ఇవాళ్టి పోటుకి నీళ్లు వీధుల్లోకి వచ్చాయి. బాల్కనీలోంచి చూశాను. గంట కొట్టాక పిక్కల దాకా బురదలో నడిచి వరహాలమ్మ ఇంటికి వెళ్తే లోపల ముగ్గు వేసి ఉంది!

ఈ ఊళ్లో ముంపొచ్చిన ప్రతిసారీ వీధిని ఎత్తు చేసుకుంటూ పోయారు. ఇప్పుడు ఇళ్లన్నీ వీధి కంటే కిందికి ఉన్నాయి. గుమ్మంలోంచి లోపలికి దిగాలి. అలాంటి ఇంట్లోకి నీళ్లొస్తే బయటికి పోయే దారి ఉండదు. మరి నేల మీద తడి లేదేం? పక్కింట్లోనూ లేదు, ఆ పక్కింట్లోనూ లేదు. మా ఇళ్లలో అయితే ఈపాటికి చాపలు తేలుతుంటాయి.

"ఎలాగండీ ఇది?" అని అడిగాను.

"మా ఇళ్లు అలాంటియ్యండి" అంది వరహాలమ్మ. ఆ మాట అనేసి వెంటనే కాజా తినమంది.

అబద్ధమాడేవాళ్లు నాకు తెలుసు. ఈవిడ అబద్ధమాడుతున్నట్టు లేదు, మురిసిపోతున్నట్టుంది. కోడలు నూకరత్నం కాఫీ తెచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి, చురుకైన కళ్లు. గ్లాసు ఎడమచేత్తో ఇచ్చింది. ఇంత మర్యాదస్తుల ఇంట్లో ఎడమచెయ్యా అని ఆశ్చర్యపోయాను. అత్తగారు ఉలిక్కిపడి, గ్లాసు లాక్కుని, తన కుడిచేత్తో నాకందించింది. 

ఒక సంగతి రాయడం మరిచాను. పోటు సాగినంతసేపూ ఊరంతా ఏదో వరసగా పాడుతున్నట్టు వినిపించింది. భజన కాబోలు. సముద్రం మీదికొస్తుంటే భజన చేసుకునే ధైర్యం మాకు లేదు, మేం బీరువాలెక్కుతాం.

ద్వాదశి

తాతారావు దగ్గర్నుంచి అక్కగారికి కబురొచ్చిందట. ఆవిడ నాకు చెప్పాలా వద్దా అని నానా అవస్థా పడి, చివరికి చెప్పేసింది.

"మీ ఊళ్లో మా తమ్ముణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి, 'చూడవయ్యా మా ఖర్మ' అని నీళ్లలోకి దింపేసేరంటండి. కాఫీ కూడా వాడే నోరు తెరిచి అడిగేడంట. మీవోళ్లకి తెలీక చేసుంటారు లెండి, మేవేం అనుకోం."

అనుకోం అన్న ఆ ముక్క పదిసార్లు అంది. నాకు సిగ్గేసింది, కొంచెం గర్వంగానూ అనిపించింది. మా బందరు వాళ్లు మాటలకి మెరుగులు పెట్టి మాట్లాడరు. తడిసిన పరుపు రోడ్డు మీదికి ఈడ్చుకొచ్చి మరీ చూపిస్తారు.

సాయంత్రం మా తమ్ముడు శేషుబాబు కబురు పంపాడు. మా ఇంట్లో నీళ్లు పిక్క దాటాయి. పిల్లలిద్దరినీ బీరువా మీద పడుకోబెడుతున్నారు. చిన్నది నిద్రలో దొర్లి ఎక్కడ పడుతుందోనని మరదలు నిర్మల మెలకువగా కూర్చుంటోంది. "అక్కడెంతక్కా?" అని అడిగాడు. చెప్పకూడదు, నియమం. కానీ నాకు తెలుసు కదా! ఇక్కడ చీలమండ కూడా తడవలేదు. గోడ మాకే వస్తుంది. దాపరికమెందుకు, నాకు ఆశ పుట్టింది. ఆ ఆశతోనే వరహాలమ్మ పంపిన పులిహోర అడుగంటా తిన్నాను.

త్రయోదశి

పోటు పొద్దున్నే వచ్చింది, పెద్దది. వీధిలో స్తంభాలకి కట్టిన గుర్తులు మునిగాయి. గంట కొట్టాక దిగాను. ప్రతి ఇల్లూ పొడిగా ఉంది. ప్రతి ఇంట్లోనూ కుర్చీ, కాఫీ, ఒక పిండివంట. నా పుస్తకంలో అన్ని ఇళ్ల ఎదురుగానూ "లేదు, లేదు, లేదు" అని రాసుకుంటూ పోయాను.

వరహాలమ్మ ఇంట్లో కాళ్లు లాగి గోడకి ఆనుకున్నాను. లేచేసరికి జాకెట్టు వీపంతా సున్నం! వెల్ల వేసి గంట కూడా కాలేదు. వేలితో గోడ గీరితే తెల్లటి పొర కింద ఉప్పు చార తగిలింది. ఒకటి కాదు, ఒకదాని మీదొకటి, నా నడుము ఎత్తు దాకా.

నేను తిరిగి చూసేసరికి వరహాలమ్మ ఆకాశం చూస్తోంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, పక్కింటావిడ తన చీరకున్న సున్నం మరకని కొంగుతో కప్పేసుకుంది.

"పండక్కని మేం వేసేవండి వెల్ల" అంది వరహాలమ్మ.

"ఏం పండగ?"

"ఏదో ఒకటుంటాది కదండీ మరి!"

నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. బాల్కనీకి వచ్చి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. తెలుసుకోకపోతే మా ఊరికి గోడ. నా పని చూడటమే గానీ తవ్వడం కాదు. నేను నోరు మూసుకుంటే ఏ నియమమూ తప్పినట్టు కాదు. ఇలా నాకు నేను చాలాసేపు నచ్చజెప్పుకున్నాను.

చతుర్దశి

నియమం తప్పాను. పోటు నడుస్తుండగా మెట్లు దిగాను.

వీధిలో నీళ్లు నా తొడ దాకా ఉన్నాయి. గోడలు పట్టుకుని నడిచాను. ఇళ్ల గుమ్మాలకి పలకలు బిగించి సందుల్లో బంకమట్టి మెత్తారు. ఆ పలకల మీంచి వీధిలోకి ఎడతెరిపి లేకుండా నీళ్లు దూకుతున్నాయి, ప్రతి ఇంట్లోంచీ, ఒకే తాళంలో. భజన అనుకున్నది లెక్క! "లాభం... రెండు... మూడు..." ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అంటారే, అలా మొదలుపెట్టి వందకి వెళ్లి మళ్లీ లాభం దగ్గరికి వస్తున్నారు.

వరహాలమ్మ ఇంటి పలకల మీంచి తొంగి చూశాను. గూడ వేస్తున్నారు. వెనకటికి కాలవలోంచి చేలోకి నీళ్లెక్కించేవాళ్లు కదా, నాలుగు తాళ్ల బుట్టతో, చెరో పక్కా నిలబడి ఊపుతూ. నేను ఎవరో చెప్పగా విన్నదే తప్ప చూసింది లేదు. వీళ్లు పాత తెరచాప గుడ్డతో కుట్టుకున్నారు. ఒక పక్క వరహాలమ్మ, ఇంకో పక్క నూకరత్నం. గూడ నేలని రాసుకుంటూ ముంచుకుని, పైకి లేచి, సరిగ్గా పలక అంచు మీద తిరగబడుతోంది. చుక్క లోపల పడటం లేదు. నేల లోంచి ఊరేది ఊరుతూనే ఉంది, పలకల సందుల్లోంచి కారేది కారుతూనే ఉంది, వీళ్లు తోడేది తోడుతూనే ఉన్నారు. ముసలాళ్లు, మగాళ్లు, కొత్త కోడళ్లు, ఒక ఇంటివాళ్లు అలిసిపోతే పెరటి గుమ్మం లోంచి పక్కింటివాళ్లు వచ్చి తాడందుకుంటున్నారు. లెక్క మాత్రం ఆగడం లేదు.

సముద్రాన్ని ఆపడానికి నేను చాలా ఊళ్లలో చాలా చూశాను. మోటార్లు చూశాను, ఇనప తలుపులు చూశాను. ఇంత అందమైన పని ఎక్కడా చూడలేదు. నా ఊరికి శత్రువులు కావాల్సిన మనుషుల్ని చూస్తూ నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

వరహాలమ్మ నన్ను చూసింది. చూసి, ఈ ప్రపంచంలో ఇంకెవ్వరికీ తోచని మాట అంది.

"అయ్యయ్యో! ఇప్పుడొచ్చేరేటండి అమ్మాయిగారూ, ఇల్లు శుభ్రంగా లేదు!"

గూడ ఆగింది. అప్పుడు కనిపించింది, నూకరత్నం కుడి భుజం. జబ్బ నుంచి మెడ దాకా గుడ్డ బిగించి కట్టి ఉంది. చెయ్యి వాచి రంగు మారింది. తాడు ఎడమ మణికట్టుకి చుట్టుకుని, ఒంటి బరువంతా వెనక్కి వేసి లాగుతోంది. ఎడమచేతి కాఫీ సంగతి అదన్నమాట.

"ఎన్నాళ్లయింది?" అన్నాను.

"నిరుటి కార్తీకం నుంచండి" అంది నూకరత్నం. "ఇంక లేవదండి ఇది."

నేను అత్తగారి మీద అరిచాను. "మీరు తోడేస్తే నేను పొడి నేల చూస్తాను. పొడి నేల చూస్తే పొడి నేల అనే రాస్తాను. గోడ మా ఊరికి పోతుంది. తెలుసా మీకు?"

"తెలుసండి."

"మరి?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "మరంటే ఎలాగండి? ఊరుగాని ఊరు నుంచి ఒక ఆడకూతురు మనింటికొస్తే తడి నేల మీద మనం కూకోబెడతావా? పైగా మీది బందరు. రేపు మీవోళ్లు కాకినాడోళ్లు మురుగులో కూకున్నారని చెప్పుకుంటే మేం ఎక్కడ తలెత్తుకుంటావండి? గోడ లేపోతే లేపోయింది. ఉన్నన్నాళ్లూ తోడుకుంటాం."

ఊరంతా ఇంతేనట. ఎవరూ మీటింగు పెట్టి నిర్ణయించుకోలేదట. చుట్టాలొస్తున్నారంటే ఇల్లు సర్దుకుంటాం కదండీ, అలా సర్దుకున్నాం అంది. ముంపు ఎంతుందో చూడటానికి వచ్చిన మనిషికి ముంపు కనపడకుండా ఊరంతా సర్దేశారు! ఇలాంటి పొరపాటు చెయ్యాలంటే గోదావరి నీళ్లే తాగి పెరగాలి.

నేను వెనక్కి వచ్చేశాను. మా తమ్ముడి పిల్లలు కళ్ల ముందు మెదిలారు. చిన్నదానికి నా జడ పట్టుకుని పడుకోవడం అలవాటు. ఇప్పుడు బీరువా అంచు పట్టుకుని పడుకుంటోంది. నూకరత్నం చెయ్యి కూడా కళ్ల ముందే ఉంది.

పౌర్ణమి

పొద్దున పోటుకి మళ్లీ తోడారు. మళ్లీ వెల్ల వేశారు. గంట కొట్టాక వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. పెసరట్టు, అల్లప్పచ్చడి వచ్చాయి. పళ్లెం పక్కకి జరిపాను.

"నాకొద్దండి. మీ ఇంట్లో నీళ్లెంత వస్తాయో చూపించేదాకా ఈ ఊళ్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను" అన్నాను.

నేను తుపాకీ గురిపెట్టినా వరహాలమ్మ అంత బెదిరేది కాదు. మొదట నవ్వులాట అనుకుంది. తరవాత బతిమాలింది. తరవాత పెసరట్టులో ఉప్పెక్కువైందేమోనని కోడల్ని కేకలేసింది. నేను కదల్లేదు. పక్కింటివాళ్లకి తెలిసింది, పై వీధికి తెలిసింది. మధ్యాహ్నానికి బాల్కనీ కింద క్యారేజీలతో జనం. ఒకరు పులస ఎండువరుగు తెచ్చారు, ఒకరు పనసపొట్టు కూర, ఒకాయన తన ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క నెయ్యి సీసా తెచ్చాడు. "బందరమ్మ పస్తుందంట!" అని ఊరంతా ఒకటే గోల. గుండెల్లో ఇంత మంచితనం పెట్టుకున్న జనాన్ని ఏడిపిస్తున్నందుకు నాకు ఏడుపొచ్చింది. ఆకలి సంగతి సరేసరి, పనసపొట్టు వాసన పైదాకా వస్తోంది.

పొద్దువాలే వేళకి వరహాలమ్మ మెట్లెక్కి వచ్చింది, వెనకాలే నూకరత్నం.

"మీరెందుకండి ఇంత పంతం? మేం దాచుకుంటే మీకే మంచిది కదా" అంది అత్తగారు.

"మీరు దాచింది నాకు తెలీకపోతే మంచిదే. ఇప్పుడు తెలిసిపోయింది" అన్నాను. 

అప్పుడు నూకరత్నం నోరు విప్పింది. ఆ పిల్ల అన్ని మాటలు ఒకేసారి అనడం నేను వినలేదు.

"అత్తా, రేపు పాడ్యమి. ఏడాదికల్లా పెద్ద పోటు. నేను తాడు పట్టను. పట్టలేక కాదు, పట్టను. నువ్వు ఇంకో మనిషిని పిలుచుకున్నా సరే, నేను ఆ గుమ్మంలో అడ్డంగా కూకుంటాను. ఆవిడ నీ పెసరట్టు తిననందుకు ఇంత ఏడిసేవు. నా చెయ్యి సూసి ఒక్కరోజైనా ఏడిసేవా?"

వరహాలమ్మ కోడలి వైపు చూసింది. మెట్లు దిగేటప్పుడు ఆ పిల్ల ఎడమచెయ్యి పట్టుకుని దిగింది.

బహుళ పాడ్యమి

పోటు వచ్చింది. లెక్క వినపడలేదు. ఈ ఒక్క పూటా ఎవరూ గూడ పట్టొద్దని వరహాలమ్మ రాత్రే ఊరంతా కబురు పెట్టిందట.

ఇన్నాళ్లూ విన్న లాభం రెండు మూడు లేకుండా సముద్రం ఒక్కటే ఊళ్లో తిరుగుతున్న చప్పుడు. నేను అడిగిందే, కానీ చెవులు మూసుకోవాలనిపించింది. ఆ కాసేపట్లో ఎన్ని గోడలు నానిపోతున్నాయో, ఎన్ని బియ్యం డబ్బాలు తేలిపోతున్నాయో! ఒక్క పూట ఊరుకోమని నోటితో అనేశాను గానీ, ఊరుకోవడం వీళ్లకి తోడటం కంటే కష్టం.

గంట కొట్టారు. దిగి వెళ్లాను. వీధిలో నీళ్లు తీశాయి. మగాళ్లు అరుగుల మీద నా వైపు చూడకుండా కూర్చున్నారు. వరహాలమ్మ ఇంటి పలకలు తీసి ఉన్నాయి. గుమ్మం దాటి లోపలికి దిగాను. ఇంకా దిగాను. నీళ్లు నా తొడ సగానికి వచ్చి ఆగాయి. పీటలు తేలుతున్నాయి. నిన్నటి వెల్ల పాలలా నీళ్లలో కలిసిపోయి గోడల మీద ఉప్పు చారలన్నీ బయటపడ్డాయి. ఇటుకల మీద ఎత్తిపెట్టిన మంచం మీద వరహాలమ్మ కొంగు మొహం మీదికి లాక్కుని కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. పక్కన నూకరత్నం, అత్త వీపు మీద ఎడమచెయ్యి వేసి.

నేను అక్కడే నిలబడి రాశాను: తొడ సగం.

"చూసేరు కదా" అంది వరహాలమ్మ, మొహం చూపించకుండానే.

"చూశానండి."

"ఇప్పుడైనా రెండిడ్లీలు తినండి మరి. అటక మీద పొయ్యెట్టి వండేను."

నీళ్లలో నిలబడి తిన్నాను. కూర్చునే చోటు లేదు. చల్లారిపోయిన ఇడ్లీలు, కారప్పొడి. నిన్నటి ఆకలికి కాదు, ఆ పెట్టిన చేతికి నా కళ్లు తిరిగాయి. ఇంత గొప్ప మనుషుల్ని నేను ఇంకెక్కడా ఎరగను, ఈ మాట ఎక్కడైనా చెప్తాను.

నేను తింటుంటే ఆవిడ కొంగు తీసి నన్ను చూసింది. "మరి మీ ఇంట్లో ఎంతొచ్చిందండి?" అంది. ఇన్ని రోజుల్లో ఆవిడ ఆ మాట అడగడం ఇదే మొదలు.

పొద్దున శేషుబాబు దగ్గర్నుంచి కబురొచ్చింది. "మోకాలు దాటిందండి" అన్నాను.

"పిల్లలున్నారా?"

"ఇద్దరు."

"మరి గోడ..."

"నీళ్లెక్కడ ఎక్కువుంటే అక్కడికండి. అంతే."

ఆవిడ ఇంకో ఇడ్లీ వేసింది. వద్దనలేదు.

మిగతా ఇళ్లన్నీ తిరిగి, ప్రతి ఇంట్లోనూ నీళ్లలో నిలబడి ఏదో ఒకటి తిని, చీకటి పడకుండానే లెక్క పంపించేశాను.

తదియ

గోడ కాకినాడకి. తీరసంఘం ఈ ఉదయం చెప్పింది. తిరుగు ప్రయాణంలో మా పడవలు మళ్లీ ఎదురుపడ్డాయి. తాతారావు పడవ ఆపించాడు. సంతోషంగా ఉంటాడనుకున్నాను.

"మీ తమ్ముడిగారింట్లో కూడా కొలిచేనండి. ఆ పిల్లలు బీరువా మీంచి కిందికి చూస్తూ 'మావయ్యా, ఎంతొచ్చింది' అనడిగేరు. ఇంకొంచెం ఎక్కువ రాయాలనిపించిందండి నాకు. ఉన్నదే రాసేను" అన్నాడు. అని దండం పెట్టాడు. ఈసారి కుస్తీ దండం కాదు.

బందరు రేవులో నన్ను దించుకోవడానికి ఎవరూ రాలేదు. కాజాలకి అమ్ముడుపోయానని వీధిలో అనుకుంటున్నారు. నా మొహం మీద అన్నవాళ్లకి నేనూ గట్టిగానే సమాధానం చెప్పాను, నా నోరు తెలిసిందే కదా. ఇంట్లో మాత్రం చెప్పలేకపోయాను. నిర్మల కంచం పెట్టింది. శేషుబాబు నన్ను చూసి గదిలోకి వెళ్లిపోయాడు. ఉన్నదే రాశానురా అన్నాను మూసిన తలుపుతో. 

మరుసటి ఏడు, భాద్రపద బహుళ పాడ్యమి

ఏడాదిగా ఇందులో ఏమీ రాయలేదు. కాకినాడ ముందు గోడ లేచిందని, పోటు దానికి కొట్టుకుని వెనక్కి పోతోందని విన్నాను. ఇక్కడ మాత్రం నిరుటి కంటే ఎక్కువగా వస్తోంది. శేషుబాబు ఏ మాట చెప్పాలన్నా నిర్మలకి చెప్పి నాకు చెప్పిస్తాడు. ఒకే ఇంట్లో ఉంటూ ఏడాది అలా గడపడం ఎంత కష్టమో మా ఇద్దరికే తెలుసు.

ఇవాళ పెద్ద పోటు. ఎండ ఎక్కకముందే నీళ్లు గుమ్మం దాటాయి. పిల్లల్ని బీరువా ఎక్కించాం. శేషుబాబు కిటికీ దగ్గర నిలబడి "ఎవరిదో పడవ" అన్నాడు, నాతో కాదు, కిటికీతో.

మా వీధిలోకే వస్తోంది పడవ. దాని నిండా మనుషులు, మనుషుల మధ్య తెరచాప గుడ్డ చుట్టలు. ముందు నిలబడ్డ మనిషిని గుర్తుపట్టాను. వరహాలమ్మ! నా ఇంట్లో చూస్తే మోకాలి లోతు మురికి నీళ్లు, తేలుతున్న చెప్పులు, నిన్నటి అంట్లు. ఏం చేస్తున్నానో తెలియకుండా పరుగెత్తి తలుపు వెయ్యబోయాను. చీపురు కోసం కూడా వెతికాను, నీళ్లలో!

తలుపు సందులో ఆవిడ మొహం కనిపించింది.

"వెయ్యకండి అమ్మాయిగారూ. మేం చుట్టాలుగా రాలేదు, నీళ్లు తోడ్డానికొచ్చేం. మాకు గోడుంది, చేతులు ఖాళీగా ఉన్నాయి. పాడ్యమి పోటుకి ఇంట్లో కూకుంటే మాకు తోచట్లేదండి."

ఆవిడ వెనక, పడవలోంచి తాతారావు పలకలూ బంకమట్టీ దింపిస్తున్నాడు. అప్పటికే రెండు మూడు ఇళ్లలోకి వాళ్ల మనుషులు దిగిపోయారు. నూకరత్నం గుమ్మంలోంచి మా ఇంట్లోకి దిగింది. నేల వైపు చూడలేదు, గోడల వైపు చూడలేదు. గూడ విప్పి, రెండు తాళ్లు కుడిచేత్తో పట్టుకుని (ఇంక లేవదన్న చెయ్యి ఏడాది విశ్రాంతికి లేచింది!), ఇంకో రెండు ముందుకి చాపింది.

"ఎవరు పడతారండి రెండో పక్క?"

నేను కదిలేలోపే శేషుబాబు వచ్చి తాళ్లందుకున్నాడు. ఎలా ఊపాలో తెలియక గూడ తిప్పేసి ఒళ్లంతా తడుపుకున్నాడు. బీరువా మీంచి పిల్లలు పకపకా నవ్వారు. నూకరత్నం ఓపిగ్గా వాడి చేతులు సరిచేసి, "లాభం" అంది.

"లాభం" అన్నాడు మా వాడు.

మొదటి గూడెడు నీళ్లు, తాతారావు అప్పుడే మా గుమ్మానికి బిగించిన పలక దాటి వీధిలో పడ్డాయి. రెండో గూడ కూడా. మూడోది లేపుతూ, తల తిప్పకుండానే, ఏడాది తరవాత మా తమ్ముడు నాతో మొదటి మాట అన్నాడు.

"అక్కా, అటక మీద పొయ్యి ముట్టించు. చుట్టాలొచ్చారు."